నల్లగొండ, పాలమూరు గిరిజన మహిళలను నేటి యోధులుగా ఫొటో తీయడం: మొదటి మాట నుంచి ప్రింటు దాకా

ఈ పనికి దిగేవాళ్లలో చాలామంది ముందు బట్టల గురించి, తర్వాత ఆయుధం గురించి, ఆఖరున మనిషి గురించి ఆలోచిస్తారు. ఈ వరస తిరగబడాలి. లంబాడా మహిళకు అద్దాల పేటియా (లంగా) కట్టించి, చేతికి కత్తి ఇచ్చి, పొద్దుగూకే వేళ గుట్ట మీద నిలబెడితే పోస్టరు తయారవుతుంది. ఆమె ఎవరో, దేని కోసం కొట్లాడుతోందో ఆ ఫొటో చెప్పదు. యోధ అన్న మాటకు బలం ఆమె నిజంగా చేస్తున్న కొట్లాట నుంచే రావాలి. చేతిలోని వస్తువు, తావు, వెలుతురు, నిలబడే తీరు అన్నీ దాని వెంబడే తేలతాయి. అందుకే ఈ మార్గదర్శిలో కెమెరా కాస్త ఆలస్యంగా వస్తుంది.

కొట్లాట ఏదో ముందు తేలాలి

దక్షిణ తెలంగాణలో వెతకాల్సిన పని లేదు. నల్లమలలో యురేనియం సంగతి తీసుకోండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. చెంచు పెంటల (అడవిలోని చెంచుల చిన్న ఊళ్ల) నుంచి హైదరాబాద్ దాకా నిరసన లేచింది. సెప్టెంబరులో శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఇటు నల్లగొండ వైపు లంబాపూర్, పెద్దగట్టు ఊళ్లకు యురేనియం భయం అంతకన్నా పాతది. పోడు భూమి మీద 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా కోసం ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగిన ఆడవాళ్లు చాలా తండాల్లో కనిపిస్తారు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు సొంత పంచాయతీలయ్యాయి. అక్కడ సర్పంచ్ కుర్చీలో కూర్చున్న మహిళకు ఆ కుర్చీని తన పేరు మీదనే కాకుండా తన చేతిలో ఉంచుకోవడమే ఒక పోరు. గుడుంబాను ఊరి నుంచి వెళ్లగొట్టినవాళ్లు, ముంబై, పుణె వలసల నుంచి తిరిగొచ్చి పిల్లను బడి మాన్పించనివాళ్లు, రాత్రిపూట కాన్పు కేసును ఆటోలో దేవరకొండ దవాఖానకు చేర్చే ఆశా కార్యకర్తలు, వీళ్లంతా నేటి యోధులే.

మొదటి రోజు కెమెరా సంచిలోంచి తీయకండి. కూర్చొని మాట్లాడండి. మూడు ప్రశ్నలు సరిపోతాయి. “అక్కా, నిన్ను ఎవలన్న ఏ పని కాడ ఆపిన్రా?” “ఎప్పుడూ నీ చేతుల ఉండే వస్తువేంది?” “ఏ తావున నిలబడితే ఇది నాది అనిపిస్తది?” మొదటి జవాబు కొట్లాటను, రెండోది చేతిలో వస్తువును, మూడోది లొకేషన్‌ను తేలుస్తాయి. ఇంటికొచ్చాక ఒక్క వాక్యం రాయండి: ఈమె ఫలానా దాని కోసం ఫలానా దానితో కొట్లాడుతోంది. ఆ ఖాళీలు నిండకపోతే మళ్లీ వెళ్లి మాట్లాడండి. ఫొటోకు ఇంకా వేళ కాలేదు.

ఆ రెండో ప్రశ్నకు “ఫోను” అని జవాబొస్తే నిరాశపడకండి. అది మంచి జవాబు. అమెరికాలో ఎడ్వర్డ్ కర్టిస్ 1910లో పీగన్ తెగవారి గుడారం లోపల తీసిన ఒక ఫొటోలో ఇద్దరు మగవాళ్ల మధ్య గడియారం ఉండేది. ముద్రించినప్పుడు దాన్ని చెరిపేశారు. ఆదిమ తెగ అంటే గడియారం లేని మనిషి అన్న ఊహకు ఆ గడియారం అడ్డొచ్చింది. వందేళ్లు దాటినా అదే తప్పు వేరే రూపంలో జరుగుతూనే ఉంది. ప్లాస్టిక్ బిందెను పక్కకు జరపమంటారు, రేకుల ఇల్లు కాకుండా గుడిసె ముందు నిలబడమంటారు, హవాయి చెప్పులు విప్పమంటారు. నేటి యోధ కావాలన్నప్పుడు ఆ ‘నేడు’ ఫ్రేములో ఉండాలి. పట్టాదారు పాసుబుక్కు, బీపీ మిషను, ట్రాక్టరు స్టీరింగు, గ్రామసభ రిజిస్టరు, పోలీసు యూనిఫాం, స్కూటీ తాళం, ఏది ఆమెదైతే అదే ఉండనివ్వండి.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. ఆమె కొట్లాట లైంగిక దాడికి సంబంధించినదైతే, బాధితురాలి పేరు గానీ గుర్తుపట్టే వివరం గానీ బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. ముఖం, ఇల్లు, ఊరి బోర్డు, ప్రత్యేకమైన నగ, పచ్చబొట్టు అన్నీ గుర్తుపట్టించే వివరాలే. ఇలాంటి ఫొటో వకీలుతో మాట్లాడకుండా తీయొద్దు.

ఎవరి గుర్తులు వాళ్లవే

గిరిజన మహిళ అన్న ఒక్క మాట కింద అందరినీ కలిపేస్తే ఫొటో మొదటి చూపులోనే తప్పుతుంది. ఈ ప్రాంతంలో ముఖ్యంగా లంబాడాలు, చెంచులు, ఎరుకలు ఉన్నారు. ముగ్గురి భాష వేరు, దేవతలు వేరు, బతుకు వేరు.

లంబాడా మహిళల పేటియా, కాంచళి (రవిక), టుక్రీ (తల మీది ముసుగు) ఈరోజు ఎక్కువగా పెద్ద వయసువాళ్ల ఒంటి మీద, తీజ్, సీత్లా పండుగల్లో, పెళ్లిళ్లలో కనిపిస్తాయి. నడి వయసువాళ్లు చాలామంది చీర కడతారు, పిల్లలు చుడీదార్ వేస్తారు. మామూలుగా చీర కట్టే మనిషికి ఫొటో కోసం పేటియా వేయిస్తే ఆమె నడకే మారిపోతుంది, ఆ ఇబ్బంది భుజాల్లో తెలుస్తుంది. ఆమే వేసుకుంటానంటే అది వేరే మాట. అప్పుడు కూడా నగల దగ్గర జాగ్రత్త పడాలి. చెంపల పక్కన వేలాడే ఘుగ్రీ-టోప్లీ, మోచేతి పైన వేసే బలియాలు పెళ్లయి భర్త ఉన్న మహిళల గుర్తులు. పెళ్లికాని పిల్లకో, భర్త పోయిన ఆమెకో ‘ఫొటోకు బాగుంటది’ అని అవి పెట్టిస్తే తండా మొత్తం ముందు ఆమెను ఇరుకున పెట్టినట్టే. ఒకరి నగలు ఇంకొకరికి తొడగడం అసలే వద్దు. ఏది వేసుకోవాలో, ఏది వద్దో తండాలోని పెద్ద యాడిని (అమ్మను) అడిగితే చెప్తుంది.

చెంచు మహిళల విషయంలో తప్పు ఇంకా మొరటుగా జరుగుతుంది. ఆకులు చుట్టడం, విల్లు చేతికివ్వడం చేస్తారు. చెంచుల్లో విల్లంబు ప్రధానంగా మగవాళ్ల పనిముట్టు. ఆడవాళ్ల చేతిలో ఉండేది గడ్డలు తవ్వే కర్ర, ఇనుప మొన తొడిగినది. దాంతో పాటు కొడవలి, బుట్ట. అడవిలో ఆకలిని జయించిన పనిముట్టు ఆ తవ్వుడు కర్ర. యోధ చేతిలో దానికంటే సరైన ఆయుధం ఏముంటుంది? పచ్చబొట్లున్న అవ్వలు ఉంటే దగ్గరగా తీయాలన్న ఆశ పుడుతుంది. ముందు ఆ బొట్లు ఎప్పుడు, ఎవరు పొడిచారో ఆమె నోట వినండి. చెప్పడానికి ఇష్టపడకపోతే దగ్గరి ఫొటో మానుకోండి.

ఎరుకల మహిళలను తీసేటప్పుడు గుర్తుండాల్సింది వేరే ఉంది. బ్రిటిష్ పాలనలో 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం, దాని తర్వాతి రూపాలు ఎరుకలతో సహా ఎన్నో సముదాయాలకు పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేశాయి. 1952లో చట్టం రద్దయింది గానీ ముద్ర పూర్తిగా పోలేదు. ఆ కాలంలో తెగల మనుషులను ఉత్త గోడ ముందు, ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, పేరు లేకుండా తీసి పెట్టుకునేవాళ్లు. ఈరోజు తెల్లటి బ్యాక్‌డ్రాప్ ముందు చేతులు వేలాడేసి సూటిగా నిలబడిన ఫొటో తీస్తే, మీకు తెలియకుండానే ఆ పాత ఫొటోను మళ్లీ తీసినట్టవుతుంది. బ్యాక్‌డ్రాప్ వాడదలిస్తే ఒళ్లు కొంచెం పక్కకు తిరగాలి, చేతిలో పని ఉండాలి, కింద పేరు ఉండాలి.

అనుమతి

తండాలో నాయక్‌తో, సర్పంచ్‌తో మాట్లాడటం మర్యాద. కానీ వాళ్ల ఒప్పుకోలు ఆమె ఒప్పుకోలు కాదు. భర్త, అన్న ‘తీసుకోండి సార్’ అన్నా చెల్లదు. ఆమెతో విడిగా, ఆశా కార్యకర్తో అంగన్‌వాడీ టీచరో పక్కనుండగా, మగవాళ్లు లేనప్పుడు అడగండి. తీసే బృందంలో కనీసం ఒక మహిళ ఉండాలి. నగ సర్దినా, కొంగు సర్దినా బృందంలోని ఆ మహిళే సర్దాలి.

ఒప్పంద పత్రం ఒక పేజీ దాటకూడదు. తెలుగులో రాసి, చదివి వినిపించి, ఆమె తన మాటల్లో మళ్లీ చెప్పేదాకా ఆగండి. ఫొటో ఎక్కడెక్కడ వాడతారు (ప్రదర్శన, పత్రిక, ఇంటర్నెట్, అమ్మకం విడివిడిగా), ఎన్నేళ్లు, పేరు వేయాలా వద్దా, డబ్బు వస్తే ఆమెకెంత, వద్దనుకుంటే ఎవరికి ఫోను చేయాలి, ఈ ఐదూ అందులో ఉండాలి. వేలిముద్రతో సరిపెట్టకుండా లంబాడాల భాష గోర్ బోలీలోనో తెలుగులోనో ఆమె ఒప్పుకోలును గొంతు రికార్డు చేయండి. 18 ఏళ్లలోపు పిల్లయితే తల్లి గానీ తండ్రి గానీ సంతకం చేయాలి, పిల్ల కూడా ఒప్పుకోవాలి. పిల్ల వద్దంటే వద్దు.

ఆమె కూలి పోకూడదు. పత్తి ఏరే రోజైతే ఆ రోజు కూలికి తగ్గకుండా ముందే ఇవ్వండి. ఫొటో నచ్చినా నచ్చకపోయినా ఆ డబ్బు ఆమెదే.

అమ్రాబాద్ కోర్ ప్రాంతంలోని పెంటలకు వెళ్లాలంటే అటవీశాఖ రాతపూర్వక అనుమతి తీసుకోండి. డ్రోను ఆలోచన వదిలేయండి. ఇంకో చిక్కు ఉంది. అడవి గుండా పోయే శ్రీశైలం రోడ్డుపై రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను ఆపుతారు. హైదరాబాద్ నుంచి తెల్లవారుజామున బయల్దేరి అడవి లోపలి పెంటలో తొలిపొద్దు పట్టుకుందామనుకుంటే కుదరదు. మన్ననూరులో ముందురోజే దిగినా గేటు తెరిచాక పెంట చేరేసరికి ఎండ ఎక్కుతుంది. కాబట్టి పెంటల్లో సాయంత్రపు వెలుతురుకే ప్లాను వేసుకోండి, చీకటి పడేలోపు బయటపడండి.

సామాను

తక్కువ తీసుకెళ్లండి. ఫుల్ ఫ్రేమ్ కెమెరా అయితే 35, 85 మిల్లీమీటర్ల లెన్సులు. క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) అయితే 24, 56 దగ్గరి లెన్సులు. 110 సెంటీమీటర్ల మడత రిఫ్లెక్టరు, నాలుగడుగుల తెల్ల థర్మాకోల్ షీటు, రెండు మీటర్ల నల్ల బట్ట, ఒక ఫ్లాష్, దానికి 60 నుంచి 90 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్సు, గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిద రంగు అట్ట). గుట్టల మీద సాయంత్రం గాలికి సాఫ్ట్‌బాక్సు స్టాండుతో సహా పడిపోతుంది. ఇసుక సంచి మోయక్కర్లేదు, ఖాళీ సంచి తీసుకెళ్లి అక్కడి మట్టే నింపండి.

ఫోనుతో తీసేవాళ్లు మూడు పనులు చేయాలి. బ్యూటీ మోడ్ పూర్తిగా ఆపండి, అది ముందుగా చేసేది ఒంటి రంగు తెల్లబరచడమే. 2 లేదా 3 రెట్ల లెన్సు వాడి కనీసం రెండు మీటర్ల దూరంలో నిలబడండి. దగ్గరికెళ్లి వైడ్‌లో తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. పోర్ట్రెయిట్ మోడ్‌ను నగలున్నప్పుడు నమ్మకండి. ఘుగ్రీల అంచులను, చెదిరిన వెంట్రుకలను నేపథ్యమనుకొని మసకబారుస్తుంది.

పొద్దు, తావు

నల్లగొండ, నాగర్‌కర్నూల్ అక్షాంశాల్లో మే మొదటి సగంలో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు కళ్లు గుంతల్లో పడతాయి, ముక్కు కింద మీసంలా నీడ పడుతుంది. ఎంత మంచి కెమెరా ఉన్నా ఆ వెలుతురులో మనిషి అలసినట్టే కనిపిస్తుంది, యోధలా కాదు. మేలో పొద్దు 5:45 ప్రాంతంలో, జనవరిలో 6:45 దాటాక పొడుస్తుంది. పొడిచాక నలభై నిమిషాలు, గూకే ముందు నలభై నిమిషాలు మీవి. ఈ కొలత పెట్టుకుంటే మిగతా రోజంతా మాట్లాడటానికి, తావు చూసుకోవడానికి దొరుకుతుంది.

చెల్కల ఎర్రమట్టి కింది నుంచి గడ్డం కింద, మెడ మీద ఎరుపు ఛాయ వేస్తుంది. కొంచెమైతే అందమే, ఎక్కువైతే ఒళ్లు కందినట్టుంటుంది. ఆమె పాదాల ముందు, ఫ్రేము బయట థర్మాకోల్ షీటు పడుకోబెడితే ఆ ఎరుపు విరుగుతుంది. వానాకాలం నల్లమలలో ఇదే గొడవ పచ్చ రంగుతో వస్తుంది. చెట్ల కింద నీడలో చర్మం పచ్చబారుతుంది. చెట్ల అంచున, ఆకాశం ముఖానికి ఎదురుగా ఉండేలా నిలబెట్టండి. ఫిబ్రవరి నుంచి మే దాకా ఆకు రాలి వెదురు, మోడులు మిగులుతాయి. ఆ గీతల నేపథ్యం పోరాట ఫొటోకు బాగా నప్పుతుంది, కానీ తల వెనక నుంచి కొమ్మ మొలిచినట్టు రాకుండా ఒక అడుగు అటో ఇటో జరగాలి. చందంపేట, నేరెడుగొమ్ము వైపు సాగర్ వెనుక జలాల ఒడ్డు చాలా మంచి తావు. సాయంత్రం నీళ్ల మీద నుంచి లేచే వెలుతురు కళ్ల కింది నీడలను ఉచితంగా నింపుతుంది.

వెలుతురు అమరికలు మూడే చెప్తాం, ఇవి చాలు.

మొదటిది, వెనక పొద్దు. సూర్యుడు ఆమె భుజం వెనక ఉండాలి, ముఖానికి ఎదురుగా రిఫ్లెక్టరు తెల్ల వైపు. బంగారు వైపు వాడితే రంగు పూసినట్టవుతుంది. మొదలు ఐఎస్‌ఓ (సెన్సరు వెలుతురుకు స్పందించే కొలత) 100, ఎఫ్/2.8 (లెన్సు తెరుచుకునే కొలత), షట్టరు సెకనులో 500వ వంతు దగ్గర పెట్టి సర్దుకోండి. రిఫ్లెక్టరును కింది నుంచి పైకి చూపిస్తే దయ్యం సినిమా వెలుతురు వస్తుంది. దాన్ని ఆమె కళ్ల ఎత్తులో, పక్కకు పట్టుకోవాలి.

రెండోది, చీకటి ఆకాశం. యోధ రూపానికి ఇది బలమైనది, అందుకే అతిగా వాడతారు. పొద్దు పొడిచిన కొత్తలో ఐఎస్‌ఓ 100, ఎఫ్/8, 125వ వంతు పెట్టండి. నేపథ్యం ఒక స్టాప్ (వెలుతురు సగానికి తగ్గే మెట్టు) చీకటవుతుంది. సాఫ్ట్‌బాక్సు ముఖానికి 1.2 మీటర్ల దూరంలో, 45 డిగ్రీల పక్కన, కంటి ఎత్తుకు కొంచెం పైన, ఫ్లాష్ సగం పవరుతో మొదలుపెట్టండి. షట్టరు 200వ వంతు దాటిస్తే చాలా కెమెరాల్లో ఫొటోలో ఒక పట్టీ నల్లగా వస్తుంది. నేపథ్యాన్ని రెండు స్టాపులకు మించి దించితే మనిషిని వేరే చోట తీసి అతికించినట్టుంటుంది. ఒకటి, ఒకటిన్నర దగ్గర ఆగండి.

మూడోది, వాకిలి. ఎండ ముదిరాక ఇదొక్కటే దారి. ఇంటి ద్వారం లోపల, గడపకు చేయి చాపినంత దూరంలో ముఖం బయటికి పెట్టి నిలబెట్టండి. వెనక ఇల్లు చీకటి, ముఖం మీద మెత్తటి వెలుతురు. ఐఎస్‌ఓ 400, ఎఫ్/4, 125వ వంతు. ఫ్లాష్ లేకుండా ఇంత గంభీరమైన వెలుతురు ఇంకెక్కడా దొరకదు. చాలా సందర్భాల్లో రెండోదాని కంటే ఇదే మేలు.

నిలబడే తీరు, చేతులు, చూపు

పోజు చెప్పకండి, పని చెప్పండి. “అక్కా, పత్తి బస్తా ఎత్తేముందు ఎట్ల నిలబడతవో అట్ల నిలబడు.” “అవ్వా, గడ్డ తవ్వి నడుము ఎత్తినప్పుడు ఎటు చూస్తవు?” అలవాటైన పని ఒంటిని దానంతట అదే సర్దుతుంది. బరువు వెనక కాలి మీద పడుతుంది, భుజాలు దిగుతాయి. చేతులు కట్టుకోమంటే కంపెనీ క్యాలెండరు ఫొటో వస్తుంది. పిడికిలి ఎత్తమంటే ఒక్కోసారి పనికొస్తుంది, కానీ ఆమె నిజంగా ధర్నాలో ఎత్తిన పిడికిలైతేనే.

పట్టు ముఖ్యం. తవ్వుడు కర్రను వేళ్ల చివర పట్టుకుంటే అది కెమెరా కోసం పట్టుకున్నదని తెలిసిపోతుంది. ఐదు నిమిషాలు నిజంగా పని చేయనిచ్చి, మధ్యలో “ఒక్క నిమిషం ఆగక్కా” అని అప్పుడు తీయండి. వేళ్ల కణుపులు, మట్టి, చెమట అన్నీ ఉన్న చోటే ఉంటాయి. పాసుబుక్కు లాంటి కాగితమైతే సర్వే నంబరు, ఆధార్ నంబరు కెమెరాకు కనిపించకుండా పట్టించండి. తర్వాత మసకబార్చడం కంటే ఇదే సురక్షితం.

కెమెరా ఎత్తుతోనే గౌరవం తేలుతుంది. పై నుంచి కిందికి తీసిన ఫొటోలో ఎంత ధైర్యవంతురాలైనా సాయం అడుగుతున్నట్టే ఉంటుంది. నిలువెత్తు ఫొటోకు లెన్సు ఆమె బొడ్డు ఎత్తులో, నడుము పైదానికి ఛాతీ ఎత్తులో, ముఖానికి కంటి ఎత్తులో ఉండాలి. యోధ అనిపించడానికి ఇంకో జానెడు కిందికి దించవచ్చు. అంతకంటే దించితే ముక్కు రంధ్రాలు, గడ్డం ముందుకొస్తాయి. నిలువెత్తు ఫొటోను కంటి ఎత్తు నుంచి వైడ్ లెన్సుతో దగ్గరగా తీస్తే కాళ్లు కురచబడతాయి. దిగంతపు గీత మెడను కోయకుండా నడుము దగ్గరికి రావాలి.

చూపు రెండు రకాలు. లెన్సులోకి చూస్తే చూసేవాళ్లతో నేరుగా మాట్లాడుతుంది. తన భూమి వైపో అడవి వైపో చూస్తే కొట్లాట మాట్లాడుతుంది. రెండూ తీయండి. గాలిలోకి, ఏమీ లేని చోటికి చూడమనొద్దు. కోపంగా ఉండమని అడగడం మరో పెద్ద తప్పు. కోపం నటిస్తే కనుబొమలు ముడిపడతాయి, నోరు బిగుసుకుంటుంది, కళ్లలో మాత్రం ఏమీ ఉండదు. గాలి పీల్చి వదిలాక వచ్చే నిశ్చలమే కావాలి, ఆ క్షణం నొక్కండి. ఆమె నవ్వితే అదీ తీయండి. గెలిచిన మనిషి నవ్వుతుంది.

మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో పెద్ద వయసువాళ్లను తీసేటప్పుడు ఫ్లోరోసిస్ సంగతి మరవద్దు. తాగునీటిలోని ఫ్లోరైడు ఏళ్ల తరబడి ఎక్కువగా ఒంట్లో చేరితే వెన్ను, మోకాళ్లు బిగుసుకుంటాయి. “నిటారుగా నిలబడవ్వా” అన్న మాట అక్కడ బాధపెడుతుంది. చేతుల్లేని ఎత్తైన స్టూలో మంచమో వేసి కూర్చోబెట్టండి. లెన్సును ఆమె కంటి ఎత్తుకు దించి, మీరే నేల మీద కూర్చోండి. వంగిన వెన్నును దాచకండి, దాన్నే ఫొటో మొత్తం చేయకండి. ముఖం, చేతులు వెలుతురులో, వెన్ను పక్క నీడలో ఉంటే రెండూ కుదురుతాయి.

చామనఛాయ, ఎరుపు, అద్దాలు

ఎక్కువ ఫొటోలు చెడేది ఇక్కడే. కెమెరా మీటరు దేన్ని చూసినా నడిమి బూడిద రంగు చేయాలని చూస్తుంది. తెల్లటి ఆకాశం ముందు నిలబెడితే ముఖం నల్లగా మాడుతుంది. నల్లరాతి గుట్ట ముందు నిలబెడితే ముఖం తెల్లగా తేలిపోతుంది. అందుకే స్పాట్ మీటరు (చిన్న చోట మాత్రమే వెలుతురు కొలిచేది) పెట్టి, వెలుతురు పడ్డ చెంప మీద కొలిచి, చామనఛాయకు మూడింట రెండు స్టాపులు, నలుపుకు ఒక స్టాపు నుంచి ఒకటింపావు దాకా తగ్గించండి. ఆ ముఖం ఎలా ఉందో అలాగే వస్తుంది. నల్లటి చర్మానికి కావాల్సింది ఎక్కువ వెలుతురు కాదు, పెద్ద వెలుతురు. సాఫ్ట్‌బాక్సు, తెల్లగోడ, థర్మాకోల్ చర్మం మీద పొడవైన మెరుపును పరుస్తాయి, ఆ మెరుపుతోనే చెంప ఎముక, దవడ గీత తెలుస్తాయి. నల్ల వెంట్రుకలు నల్లరాయిలో కలిసిపోకుండా వెనక నుంచి కాస్త పొద్దు తగలాలి.

లంబాడా బట్టల ఎరుపు డిజిటల్ కెమెరాలకు గట్టి పరీక్ష. మామూలు హిస్టోగ్రామ్ (వెలుగునీడల పంపకాన్ని చూపే గ్రాఫు) బాగానే ఉందని చూపిస్తుంది, కానీ ఎరుపు చానెల్ ఒక్కటే నిండిపోయి కుట్టుపని అంతా ఒకే ఎర్ర ముద్దవుతుంది. ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టి ఎరుపును విడిగా చూడండి, కుడి గోడకు తగిలితే మూడో వంతు స్టాపు తగ్గించండి. పిక్చర్ స్టైల్ న్యూట్రల్‌లో, ఫైలు కెమెరా పట్టిన వివరమంతా ఉంచే రా ఫార్మాట్‌లో ఉండాలి.

అద్దాల మీద ఫ్లాష్ పడితే తెల్లటి చుక్కలు పేలతాయి. పోలరైజరు ఫిల్టరు దీనికి పనిచేయదు. అది గాజు, నీళ్ల పైపొర మెరుపును తగ్గిస్తుంది గానీ అద్దం వెనక పూత నుంచి వచ్చే ప్రతిబింబాన్ని ఆపలేదు. వెలుతురును లెన్సు పక్క నుంచి కనీసం 45 డిగ్రీలు జరపండి, సాఫ్ట్‌బాక్సు పెద్దది చేయండి. అద్దాల్లో మీ నీడ, రిఫ్లెక్టరు పట్టుకున్న మనిషి కనిపిస్తున్నారేమో పెద్దది చేసి చూడండి. నల్లబట్ట వెంట తెచ్చింది దానికే, లెన్సు చుట్టూ కట్టుకుంటే ప్రతిబింబం పోతుంది. నాలుగైదు అద్దాలు మెరిస్తే మంచిదే, అవి మెరవడానికే కుట్టారు.

అరవై, డెబ్బై ఫ్రేములు చాలు. నగలతో పూర్తి దుస్తులు చాలా బరువు. అరగంట దాటితే మెడలో అలసట తెలుస్తుంది. నీళ్లు, నీడ ముందే సిద్ధం చేయండి.

ఎంపిక, దిద్దుబాటు

మీకు నచ్చిన ఐదింటిని కాకుండా పన్నెండు, పదిహేను ఫొటోలను ల్యాప్‌టాప్ మీద ఆమెకు చూపించండి. ఫోటోగ్రాఫర్లు గంభీరమైనది ఎంచుకుంటే ఆమె చాలాసార్లు కొంగు సరిగ్గా ఉన్నది, పిల్లలు గర్వపడేది ఎంచుకుంటుంది. ఆమె వద్దన్నది అక్కడే చెరిపేయండి. యోధ అన్న పేరు తన ఫొటోకు పెట్టడం ఇష్టమేనా అని కూడా అప్పుడే అడగాలి. వద్దంటే ఆమె చెప్పిన మాటనే శీర్షిక చేయండి.

దిద్దేటప్పుడు గ్రే కార్డు ఫ్రేముతో వైట్ బ్యాలెన్సు సరిచేయండి. ఆరెంజ్ లుమినెన్స్ (నారింజ రంగు వెలుగు) పెంచడమంటే ఒంటి రంగు తెల్లబరచడమే, దాన్ని ముట్టుకోకండి. ఎరుపు సాచురేషన్ పది నుంచి పదిహేను తగ్గిస్తే కుట్టు తేలుతుంది. క్లారిటీ స్లైడరును లాగి ముడతలను కాలువల్లా చేసే అలవాటు ఒకటుంది. పేదరికాన్ని, వయసును వేడుకగా చూపేది ఆ స్లైడరే. పది లోపు ఆగండి. ఆకాశం మార్చడం, పొగ కలపడం వద్దు.

శీర్షికలో ఆమె కోరినట్టు పేరు, ఊరు, సముదాయం, పని, కొట్లాట ఏంటో ఒక్క వాక్యం. “లంబాడా మహిళ, నల్లగొండ” అని మాత్రమే రాస్తే అది పాత తెగల ఆల్బమే. లంబాడా ఫొటోలకు తెలుగు లిపిలోనే గోర్ బోలీ వాక్యం కూడా చేర్చవచ్చు. ఇంటర్నెట్‌లో పెట్టేముందు ఫైలు నుంచి జీపీఎస్ తీసేయండి. అడవి లోపలి పెంటలు, తేనె పట్టుండే కొండచరియలు, ఇంకా కేసులు నడుస్తున్న భూములు మ్యాపులో దొరకకూడదు.

ప్రింటుకు 12×18 అంగుళాల మ్యాట్ కాగితం. దానికి 2400×3600 పిక్సెళ్లు సరిపోతాయి, 3600×5400 ఉంటే ఇంకా మంచిది. పట్టణంలోని ల్యాబుల్లో ఆపరేటర్లు పెళ్లి ఫొటోల అలవాటుతో ముఖాలను తెల్లబరుస్తారు. “కలర్ కరెక్షన్ వద్దు” అని ఆర్డరు మీద రాయించి, ముందు 4×6 నమూనా ఒకటి తీయించి ఎండలో చూడండి. మొదటి ప్రదర్శన తండా పంచాయతీ ఆఫీసు గోడ మీదనో, లంబాడాల గురువు సేవాలాల్ గుడి ముందునో పెట్టండి, హైదరాబాద్ తర్వాత. పెంటల్లో వానకు తడవకుండా వెనక సన్‌బోర్డు అతికించి, ముందు మ్యాట్ లామినేషన్ వేయించండి. మెరిసే లామినేషన్ వేస్తే బయటి వెలుతురులో ముఖం కనిపించదు.

ఆమెకు రెండు ప్రింట్లు ఇవ్వండి, ఒకటి గోడకు, ఒకటి పెట్టెలో దాచుకోవడానికి. పత్రం మీద రాసిన ఫోను నంబరు మారితే ఆశా కార్యకర్త ద్వారా కబురు పంపండి. ఫొటో ఎక్కడెక్కడికి పంపారో ఒక నోటుబుక్కులో తేదీతో రాసి పెట్టుకోండి, తీసేయమని ఆమె ఫోను చేసిన రోజు ఆ జాబితా పట్టుకొని ఒక్కొక్కచోటా తీయించాలి.